తాత ఒట్టులో లేని మాట

మొన్న మా మనవరాలి ఫోను నన్ను తప్పు పట్టింది. మూలపేటలో కొత్త రేవు కడుతున్నారు కదా, రేపు అక్కడ ఏ భాష వస్తే ఏ ఉద్యోగం దొరుకుతుందోనని ఈ పిల్ల ఫోనులో ఫ్రెంచి నేర్చుకుంటోంది. ఆ రోజు పాఠం ఇంటికి వచ్చినవాళ్ళను పలకరించడం. ఫోనులోంచి ఎవరో ఆడమనిషి మెత్తగా "తె వ్వాలా" అంటుంది, మా పిల్ల అంతకన్నా మెత్తగా అంటుంది, ఫోను టింగుమని పచ్చగుర్తు పెడుతుంది. పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నేను ఇక ఊరుకోలేక, అలా కాదే, ఆ మాట అరవాలి అన్నాను. నీకేం తెలుసమ్మమ్మా అని నవ్వుతూ అది ఫోను నా నోటి దగ్గర పెట్టింది. నేను గుండెల నిండా గాలి పీల్చి అరిచాను. వీధిలో పోతున్న ఆటో ఆగి మళ్ళీ కదిలింది. ఫోను మాత్రం ఎర్రగుర్తు పెట్టి, మళ్ళీ ప్రయత్నించమంది.

ప్రయత్నించను. నేను ఆ మాట నేర్చుకునేటప్పటికి దీన్ని తయారుచేసినవాడి తాత కూడా పుట్టి ఉండడు. నేర్చుకున్నది ఊసుపోకకూ కాదు, ఉద్యోగానికీ కాదు. మా ఇంటి గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టేశారు, ఆ మనిషిని లోపలికి పిలవడానికి నేర్చుకున్నాను.

మా ఊరు బారువకు మైలు దూరం. ఇప్పుడు వెళ్తే ఏం లేదు, తుఫాను తోటలన్నీ పెళ్ళగించుకుపోయింది. అప్పుడు మా ఇంటి వెనక నుంచి ఇసుక దిబ్బల దాకా జీడితోటే. ఎండాకాలం వస్తే పండిన జీడిపండ్ల వాసన ఇంట్లోకొచ్చి కూర్చునేది, తియ్యగానూ ఉండేది, గొంతులో గీరినట్టూ ఉండేది. ఆ రసం గౌనుకు అంటితే గౌను చిరిగేదాకా ఆ మరక పోదు. నాకున్న గౌన్లన్నిటికీ మరకలే. పిక్కలు దొంగిలించి రేకు ముక్క మీద కాల్చుకునేవాళ్ళం. పొట్టులోని నూనె భగ్గుమని మండి, తొందరపడి కొరికితే పెదవులు పొక్కిపోయేవి. పొక్కిన పెదవులతో ఇంటికొస్తే మా మామ్మ ఏమీ అడగకుండా కొబ్బరినూనె రాసేది. తాత మాత్రం పెదవులు చూసి ఎన్ని పిక్కలు పోయాయో చెప్పేవాడు.

తాత అలాంటి మనిషి. టెక్కలి కోర్టుకు తిరిగీ తిరిగీ, ఎదుటివాడి మాటలో సందు వెతకడం, తన మాటలో సందు మూయడం బాగా మరిగాడు. కాగితంలో ఒక్క మాట లేదని చెప్పి తోట హద్దు తగువు గెలిచాడట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పేవాడో. ఊళ్ళో అందరికీ ఆయనంటే భయం, మా నాన్నకు మరీ భయం. నాన్న బళ్ళో పంతులు. బళ్ళో బెత్తం పట్టుకుని పులిలా తిరిగే మనిషి, ఇంటికొస్తే చెప్పుల చప్పుడు కూడా వినపడనిచ్చేవాడు కాదు.

నాన్నకు ఒక్కతే చెల్లెలు, మా అత్త. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. రంగు చీరలు తీసేయించి పెరటి గదిలో కూర్చోబెట్టారు. నాలుగేళ్ళు కూర్చుంది. నాకు జడలు వేసేది, చోడిపిండి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని ఎలా తాగాలో నేర్పింది. అయిదో ఏడు, కొబ్బరి పీచు కొనడానికి యానాం నుంచి వచ్చే గుమస్తాను పెళ్ళి చేసుకుంటానని తాతకు ముఖం మీదే చెప్పింది. అతను మావాడు కాదు. మావాడైనా తాత ఒప్పుకోడు, అది వేరే సంగతి. అత్త పారిపోయిందని ఊరంతా ఇప్పటికీ అంటుంది. పారిపోవడమేమిటి నా మొహం. మిట్టమధ్యాహ్నం పెట్టె చేత పట్టుకుని, అరుగు మీద అందరూ చూస్తుండగా, వీధి గుమ్మంలోంచి నడిచి వెళ్ళింది.

ఆ సాయంత్రం తాత ధాన్యం కుంచం తెప్పించి వసారాలో పెట్టాడు. మా వైపు కుంచం మీద చెయ్యేసి అన్న మాటకు తిరుగులేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు పుట్టింటికొచ్చిన ఆడపిల్ల తిన్నగా లోపలికి రాదు. గేటు దగ్గర ఆగుతుంది. ఇంట్లోవాళ్ళు ఎదురొచ్చి, "వచ్చేవా అమ్మా, రా" అని, కాళ్ళకు నీళ్ళిస్తేనే గుమ్మం దాటుతుంది. ఆ మాట అనలేదూ, ఆ ఇల్లు ఆమెకు లేనట్టే. తాత పట్టుకున్నది సరిగ్గా అక్కడే. ఆ మనిషి ఎప్పుడైనా వస్తే, కోర్టు కాగితంలో లాగా భాషతో సహా చెప్పి, తెలుగులో ఎవరూ రమ్మని పిలవకూడదని అందరిచేతా కుంచం మీద చెయ్యి వేయించాడు. మామ్మ వెంటనే సరేనంది. ఆమె అంత తొందరగా ఒప్పుకోవడంతో ఆయనకు అనుమానం వచ్చింది. మామ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం పక్కన, తిట్టుకున్నా లెక్క పెట్టుకున్నా ఒడియాలోనే. "ఒడియాలో కూడానూ" అని చేర్చాడు. తర్వాత నాన్న వైపు చూసి ఇంగ్లీషు కూడా చేర్చాడు. ఇంట్లో ఎవరికి ఏ భాష వచ్చో అన్నిటికీ తాళం వేసి, తృప్తిగా చుట్ట వెలిగించుకున్నాడు. నాకప్పుడు అయిదేళ్ళు. నా చెయ్యి కూడా పట్టుకుని కుంచం మీద పెట్టారు.

ఉత్తరం వచ్చింది నాకు పదేళ్ళప్పుడు. అత్త తెలివైనది, ఇంటికి కాకుండా నాన్న బడికి రాసింది. నాన్న దాన్ని తెచ్చి మామ్మ ఒళ్ళో పడేసి, ఏమీ తెలియనట్టు స్నానానికి పోయాడు. మామ్మకు చదువు రాదు. దంపుళ్ళ సావిట్లో తలుపు దగ్గరగా వేసి నాచేత చదివించుకుంది. ఆ గుమస్తా మామయ్యతో అత్త పాండిచ్చేరిలో ఉందట, ఇద్దరు పిల్లలట. జీడిపండ్ల రోజుల్లో ఒకసారి వస్తానని రాసింది. "పిలిస్తే లోపలికి వస్తాను. పిలవకపోతే గేటు దగ్గరే నిలబడి, అమ్మను కళ్ళారా చూసి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను." అక్కడ మామ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను ఆగి, మళ్ళీ చదివాను. చివర్లో ఇంకో ముక్క ఉంది. వాళ్ళ వీధిలో అందరూ ఫ్రెంచి కలిపి మాట్లాడతారట. బజారుకు వెళ్ళి వచ్చినా సరే, పక్కింటి ముసలమ్మ గుమ్మంలోంచి "తె వ్వాలా" అంటుందట. మన "వచ్చేవా" లాంటిదే అట. ఆ మాట విన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావమ్మా అని రాసింది.

మామ్మ ఉత్తరం మడిచి రొంటిన దోపుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నా వైపు వంగి అడిగింది.

"మీ తాత ఏయే బాసలన్నాడే?"

తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అని చెప్పాను.

"ఇది ఆ మూడిట్లోనూ నేదు కదా?"

లేదు అన్నాను. మామ్మ నవ్వింది. పళ్ళు సగం లేవు, అయినా అంత అందమైన నవ్వు నేను మళ్ళీ చూడలేదు.

కాగితం మీద తెలుగు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన మాట నోటికి రాదు కదా. ఎలా పలకాలో తెలిసినవాడు బారువలో ఒకడే ఉన్నాడు, ముసలి సరంగు. వయసులో ఉండగా ఓడల్లో ఖలాసీలకు పెద్దగా పనిచేసి దేశదేశాలు తిరిగినవాడు. ఇప్పుడు తీరంలో పాక వేసుకుని వలలు బాగుచేసుకునేవాడు. మామ్మ ఎండునెత్తళ్ళు తెమ్మనే మిషతో నన్ను బుట్టతో పంపింది. బుట్ట అడుగున గుడ్డలో కట్టిన జీడిపిక్కలున్నాయి, తాత తోటలోవే. ఈసారి దొంగతనానికి మామ్మే కాపలా కాసింది.

సరంగు మొదట తల అడ్డంగా ఊపాడు. తాతకు తెలిస్తే తన వలలు తగలబెట్టిస్తాడన్నాడు. ఎవరి కోసమో చెప్పాను. వలలో ఆడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆ అమ్మ ఎల్లినపుడు ఈ ఇసకలోంచే ఎల్లినాది పాపా. పెట్టె తనే మోసుకున్నాది. ఒడ్డంతా జనం, ఎవులూ పలకరించలేదు. నానూ పలకరించలేదు" అన్నాడు. వల పక్కకు జరిపి, "కూకో, సెప్తాను" అన్నాడు.

ఎండునెత్తళ్ళ వాసన, తారు వాసన, సరంగు చుట్ట వాసన, వీటన్నిటి మధ్య నా ఫ్రెంచి చదువు సాగింది. "బియాఁవెన్యూ" అని ఇంకో మాట ఉందట, కానీ అది హోటలు గుమ్మం మీద రాసుకునే మాట అట. ఇంటి మనిషిని అలా పిలిస్తే వేరు చేసినట్టుంటుందన్నాడు. స్నేహితులకైతే "సల్యూ". ఇంటి మనిషికి "తె వ్వాలా". లోపలికి రమ్మనడానికి "ఆంత్ర". ఇవన్నీ ఆయన మార్సేల్స్ రేవులో పూటకూళ్ళమ్మ దగ్గర నేర్చాడు. ఓడ ఒడ్డుకు చేరుతుంటే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవడెవడు ప్రాణాలతో తిరిగొచ్చాడో చూసి ఒక్కొక్కడినీ పిలిచేదట. ఆమె కూతురు పనికి పోయి వస్తే మాత్రం వెనక "మా ఫీయ్" అని తగిలించేది, నా బిడ్డా అని. ఒడ్డు మీంచి ఓడలోకి వినపడాలంటే అరవాలి. సరంగుకు ఆ మాటలు అరుపుగానే తెలుసు, మెల్లగా అనడం ఆయనకే చేతకాదు. నాకూ అరుపే నేర్పాడు. సముద్రం మీదికి తిరిగి నేను అరిస్తే అలల్లోంచి కుర్రాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు.

ఇంటికొచ్చి సావిట్లో మామ్మకు పాఠం అప్పజెప్పేదాన్ని. అక్కడ మాత్రం గొంతు తగ్గించాల్సి వచ్చేది. మామ్మ పనసకాయ పొట్టు కొడుతూ, తల ఎత్తకుండా, "ఇంకోపాలి" అనేది. చెప్పేదాన్ని. "ఇంకోపాలి." నేను మర్చిపోతానేమోనని అలా చెప్పిస్తోందనుకున్నాను. కత్తి ఆడుతున్నంతసేపూ ఆమె పెదవులు కూడా ఆడేవి. దేవుడి పేరు తలుచుకుంటోందనుకున్నాను.

అత్త వచ్చిన రోజు ఎండ మాడిపోతోంది. రైలు దిగి, జట్కాలో ఊరి మొదటి దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్కతే నడిచింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, బొట్టు పెట్టుకుంది. ఆ రెంటినీ చూసి అరుగుల మీద ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అత్త మా గేటు దగ్గరకొచ్చి ఆగింది. తాత వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఏదో కాగితం చదువుతున్నాడు. చదవడం లేదని నాకు తెలుసు, కళ్ళద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. నాన్న స్తంభం చాటున నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ కొంగు మాత్రం కనిపిస్తోంది. ఎవరూ కదల్లేదు. అత్త ముఖం చెమటతో తడిసిపోయింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను కానీ, గేటు నీడ ఆమె కాళ్ళ మీదికి వచ్చింది.

ఆమె పెట్టెను ఇంకో చేతికి మార్చుకుని వెనక్కి తిరగబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది, అబద్ధం చెప్పను. వసారా మెట్ల మీద నుంచి దూకి, సరంగు నేర్పినట్టే, ఓడలోకి వినపడేలా అరిచాను.

"తె వ్వాలా! ఆంత్ర! ఆంత్ర!"

వీధి చివరి దాకా వినపడింది. కాకులు లేచాయి. అత్త చేతిలోంచి పెట్టె జారిపోయింది. తాత కుర్చీలోంచి లేచి, అదేం భాషరా అని నాన్నను అడిగాడు. నాన్న తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. కానీ తాత ముందు ఆయన అలా నవ్వు బిగబట్టుకుంటూ జవాబివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఇది కూడా కుంచం మీద చెయ్యి వేసిందిగా అని తాత నా మీదికి వచ్చాడు. అప్పుడు మామ్మ లోపలి నుంచి నీళ్ళ చెంబుతో వచ్చింది.

"ఏసింది. నువ్వు మూడు బాసలన్నావు, మూడూ ఇడిసీసినాది. ఇది నాలుగోది" అంది.

ఒక్క మాట లేదని చెప్పి తోట గెలిచిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీంచి కళ్ళకు దించుకుని మెట్టు మీదే ఆగిపోయాడు.

అత్త ఇంకా లోపలికి రాలేదు. నన్ను ఎత్తుకుంది, పదేళ్ళ పిల్లను, కాళ్ళు నేలకు తగులుతున్నా ఎత్తుకుంది. నా చెవి దగ్గర, నువ్వు పిలిచేవు నాకు సాలు, కానీ గుమ్మం దాటాలంటే మా అమ్మ పిలవాలి అంది. నాకు ఏడుపొచ్చింది. మామ్మకు ఆ మాటలు నేర్పాలని నాకు తట్టనే లేదు. తప్పంతా నాదే అనుకున్నాను.

మామ్మ చెంబు పట్టుకుని మెట్లు దిగింది. తాత పక్క నుంచే దిగింది, ఆయన వైపు చూడలేదు. గేటు దాకా వచ్చి, అరవకుండా, రోజూ అనే మాట లాగే అంది.

"తె వ్వాలా, మా ఫీయ్."

అత్త కింద కూర్చుండిపోయింది. మామ్మ ఆ కాళ్ళ మీద నీళ్ళు పోసి, చెయ్యి పట్టుకుని లేవదీసి, లోపలికి తీసుకెళ్ళింది. దేవుడి పేరు కాదన్నమాట ఇన్నాళ్ళూ తలుచుకున్నది.

ఆ రోజు తిన్నంత తిండి నేను మళ్ళీ తినలేదు. పనసపొట్టు కూర ఆవపెట్టి చేశారు, పచ్చిజీడిపప్పు కూర, నెత్తళ్ళ వేపుడు. అమ్మ వడ్డించింది, వడ్డిస్తూ అత్త భుజం మీద చెయ్యి వేసింది. తాత వసారాలోనే ఒక్కడూ తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కుంచం తెప్పించాడు. నాలుగో భాష, అయిదో భాష, లోకంలో ఉన్న భాషలన్నీ ఒట్టులో చేరుస్తానన్నాడు. కుంచం వసారా మధ్యలో ఉంది. మామ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చుంది. అమ్మ వంటింట్లోంచి రాలేదు. తాత నాన్నను పేరు పెట్టి పిలిచాడు. నాన్న వచ్చాడు, కుంచం వైపు చూశాడు, దాన్ని ఎత్తి తీసుకెళ్ళి గాదె దగ్గర పెట్టేసి బడికి పోయాడు. ఆ రోజు బడికి సెలవు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆ తర్వాత ప్రతి ఏడూ జీడిపండ్ల రోజుల్లో అత్త వచ్చేది. ప్రతిసారీ మామ్మ అదే మాటతో పిలిచేది, నేను వెనక నుంచి అరిచేదాన్ని. తాత ఒట్టు తియ్యలేదు. నన్ను భుజాన ఎక్కించుకుని తోటంతా తిప్పిన మనిషే, రాత్రి నాకు జ్వరం వస్తే నిద్రపోని మనిషే. అయినా ఆ ఒక్క విషయంలో నేనాయన్ను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించను. పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. అంటాను, నా తాత నా ఇష్టం.

తాతకు బాగాలేదన్న తంతి అందుకుని బయలుదేరిన అత్త, ఆయన పోయిన రోజునే చేరి గేటు దగ్గర ఆగింది. అప్పటికి నాకు పెళ్ళయింది. మా చుట్టాల్లో మగవాళ్ళంతా వసారాలో ఉన్నారు. ఏళ్ళ తరబడి అత్తను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళే. ఇక ఒట్టు వేయించిన మనిషి లేడు కదా అని అందరూ ఒక్కసారిగా పెద్దమనుషులైపోయి, రా అమ్మా, లోపలికి రా అని ఎంచక్కా తెలుగులో పిలిచారు. అత్త కదల్లేదు. వినపడలేదేమోనని ఒకాయన దగ్గరకెళ్ళి మళ్ళీ పిలిచాడు. అత్త ఆయన వైపు చూసింది.

"ఒట్టు పోయిందని పిలుత్తన్నారు మీరు. ఒట్టున్నప్పుడు పిలిచిన మాటొకటుంది. అది అంటేనే వత్తాను" అంది.

శవం దగ్గర కూర్చున్న మామ్మ, గాజులు ఇంకా తియ్యని చేతిని నేలకు ఆనించి లేచింది. చెంబు కోసం వెతుక్కుంది, నేను అందించాను. అందరి మధ్యనుంచి గేటు దాకా నడిచింది. ఆ రోజు ఆమె మెల్లగా అనలేదు. అంతకు ముందు ఎప్పుడూ అరవని మనిషి, సరంగు గొంతుతో అరిచింది.

మా పిల్ల ఇదంతా విని చాలాసేపు ఫోను ముట్టుకోలేదు. తర్వాత ట్యూషనుకని సైకిలేసుకుని పోయింది. చీకటి పడకముందే గేటు చప్పుడైంది. నేను వీధి వరండాలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని అరిచాను. దాని చేతిలో ఫోను పాఠం మీదే వెలిగే ఉంది, ఎర్రగుర్తు పెట్టి మళ్ళీ ప్రయత్నించమంది. మా పిల్ల ఫోను కట్టేసి సంచిలో పడేసి, గేటు బయటే నిలబడింది.

"ఇంకోపాలి, అమ్మమ్మా" అంది.